బానెట్ కింద తారీఖులు

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
ఆగస్టు, వాన వదలని ఆదివారం

మీనత్తా,

మన ఇంట్లో నేను మాట్లాడేది తెలుగేనా అని నాకే అనుమానంగా ఉంది. పోయిన వారం అన్నం తింటూ "కారు కొంటాను" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. నాన్న ముద్ద ఆపి, "అయితే పెళ్లి వద్దంటావు" అన్నాడు. అమ్మ వంటింట్లోంచే "ఎవుడే ఆ కుర్రోడు?" అంది. సాయంత్రానికి పక్క క్వార్టరావిడ వచ్చి, నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చిందట కదా, మిఠాయి ఏదీ అని అడిగింది. మూడు చెవులు, మూడు కథలు. కారు మాత్రం ఏ కథలోనూ లేదు.

అసలు సంగతి నీకు చెబుతాను. గోల్‌బజార్ కళ్లజోళ్ల షాపులో, వెనక చీకటి గదిలో కూర్చుని రోజంతా జనం కళ్లు పరీక్ష చేస్తున్నాను. దానికోసం నాలుగేళ్లు కాలేజీలో చదివాను. అమ్మ మాత్రం బంధువులతో "మా పాప కల్లజోల్లు అమ్ముతాది" అంటుంది. ఇప్పుడు ఝార్‌గ్రామ్ అవతలి ఊళ్లలో కంటి పరీక్షలు చేసే ఒక ట్రస్టు వాళ్లు నన్ను తీసుకుంటామన్నారు. కాళీపూజ అయ్యాక పని మొదలు. ఒకటే షరతు, సొంత బండి ఉండాలి. లెన్సుల పెట్టె, చార్టులు, దీపం, వీటన్నిటితో సాల్ అడవుల మధ్య మట్టిరోడ్ల మీద స్కూటీ నడపలేను. బండి దొరక్కపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. నేను ఆ చీకటి గదిలోనే "ఇది బాగుందా, అది బాగుందా?" అని లెన్సులు మార్చుకుంటూ ముసలిదాన్నవుతాను.

కొత్తది కొనే తాహతు లేదు గనక పాతదే. నేను దాచుకున్నది ఒక్క బండికి సరిపోతుంది. అది తప్పు బండి అయితే రెండోదానికి ఏమీ మిగలదు.

మొన్న నాన్న ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. "మన వరాహం బండి అమ్మీత్తాడట. అదైతే కొనుక్కో. ఇంకోటైతే నాను సంతకం పెట్టను" అన్నాడు. ఆయన సంతకం ఎవరడిగారో నాకు తెలియదు. వరాహనరసింహం మామయ్యంటే నాన్నకు గురువే కదా. రైల్వే వర్క్‌షాపులో బాగుచేసిన కోచ్‌ని ఆఖరిసారి చూసి బయటికి పంపిన మనిషి. ఇప్పుడు రిటైరై సుభాష్‌పల్లిలో ఉంటున్నాడు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఈ క్వార్టర్ల గోడలు నీకు తెలియనివా? నేను గుసగుసలాడితే మూడో ఇంటి కుక్క లేచి కూర్చుంటుంది. ఇక మెసేజీలంటావా, చార్జింగ్ పెడతానని నా ఫోన్ తీసుకుని నాన్న చదివేస్తాడు. అదే మనిషి ఇంకొకరి కవరు విప్పడం మాత్రం మహానేరమంటాడు. జవాబు షాపు అడ్రసుకి రాయి.

ప్రశాంతి


విజయనగరం
ఆగస్టు చివర

ఒసే ప్రశాంతీ,

నీ కవరు ఇస్తూ మా పోస్ట్‌మన్, "ఏటమ్మా, ఇంకా ఉత్తరాలు రాసీవోలు ఉన్నారేటి?" అని రెండువైపులా తిప్పి చూశాడు. వీధిలో నా విలువ పెరిగింది. నీకు దీవెనలు.

నువ్వు కారు కొంటున్నావన్న వార్త చదివి ఎంత ఆశ్చర్యపోయానో! మీ అమ్మ మాట పట్టించుకోకు. హైమవతి వదిన నేను కాలేజీలో చేరినప్పుడు కూడా ఆ కుర్రాడి కోసమే వెతికింది.

వరాహం బావగారి బండి కళ్లు మూసుకుని తీసుకో. నా చిన్నప్పుడు మన టేబుల్ ఫ్యాన్ పాడైతే ఆయన వచ్చి ముక్కముక్కా విప్పి, తుడిచి, బిగించి, వర్క్‌షాపులో కోచ్‌కి వేసినట్టే దాని అడుగున తెల్ల పెయింటుతో 'పీవోహెచ్' అని, తారీఖు అచ్చు కొట్టాడు. ఊడదీసి పూర్తిగా బాగుచేశామని గుర్తు. అది చూసి మీ నాన్నకు పిచ్చి పట్టింది. కుట్టుమిషనుకి కొట్టాడు, సైకిలుకి కొట్టాడు, ఆఖరికి మా అమ్మ రుబ్బురోలుకి కూడా కొట్టాడు. ఆ ఫ్యాను మా హాల్లో ఇప్పటికీ తిరుగుతోంది. అలాంటి మనిషి చేతి బండి ఇంకెక్కడ దొరుకుతుంది?

మరీ గుచ్చి గుచ్చి అడగకు. పెద్దమనిషి, చిన్నబుచ్చుకుంటాడు. పూజలకి ముందే తెచ్చేసుకో. నీ పనీ అవుతుంది, సరోజ కూడా నిశ్చింతగా పడుకుంటుంది.

నీ మీనత్త


నిమ్‌పురా
సెప్టెంబర్, విశ్వకర్మ పూజ మర్నాడు

మీనత్తా,

నేను కారు కొంటే సరోజత్త ఎందుకు నిశ్చింతగా పడుకుంటుంది? ఆవిడ భర్త అమ్ముతున్నది ఒక బండి, అంతే. ఆవిడ కూతురికేమీ పెళ్లి కుదరలేదు కదా. ఈ ప్రశ్నకి జవాబు రాయడం మరిచిపోకు.

నిన్న సుభాష్‌పల్లి వెళ్లాను. విశ్వకర్మ పూజ కదా, మామయ్య బండికి బంతిపూల దండ, గంధం బొట్టు, కింద నిమ్మకాయలు. పెళ్లిపీటల మీద కూర్చున్నట్టుంది. గంధం అద్దానికి పెట్టబోయి దాన్ని తుడిచే వైపరు కర్రకి పెట్టాడు.

వెళ్లే ముందు నేను చేయవలసినవన్నీ చేశాను. బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఉందా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా, ఎన్ని చేతులు మారిందీ ఫోన్లోనే వస్తాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ బ్రేకులు ఎలా ఉన్నాయో, అడుగు ఎలా ఉందో ఫోన్ చెప్పదు. కంపెనీ సర్వీసింగు చరిత్ర అడిగితే మామయ్య నవ్వాడు. "సర్వీసింగా? ఆ కుర్రకుంకల సేతికి నా బండి ఇత్తానేటి? సరిత్ర ఇదిగో!" అని బానెట్ ఎత్తాడు.

లోపలివైపు వరసగా తారీఖులు, తెల్ల పెయింటుతో. ఏటేటా ఒకటి. మీ ఇంట్లో ఫ్యాను మీద ఉన్నట్టే, పక్కన 'పీవోహెచ్'. పై వరసలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. కింది రెండూ మాత్రం పక్కకు జారాయి. అచ్చురేకు దాటి పెయింటు కారింది. ఒక సున్నా మీద ఇంకో సున్నా పడింది. చేయి వణికి ఉంటుందనుకున్నాను. కానీ కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు చేయి రాయిలా ఉంది.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. స్పీడ్‌బ్రేకర్ మీద మేమిద్దరం పైకి లేచి కింద పడ్డాం. "మామయ్యా, మెల్లగా" అంటే, "ఈ రోడ్డు నాకు కంఠతా వొచ్చు" అన్నాడు.

ఇంటికొచ్చి, కొనే ముందు మెకానిక్ జెర్రీ అంకుల్ షెడ్‌లో ఒకసారి పైకెత్తి చూపిస్తానన్నాను. నాన్న లేచాడు. "వరాహం పాస్ సేసిన బండిని ఇంకోడు సూత్తాడా? రేపు నా మొగం ఎక్కడ పెట్టుకోమంటావు?" అమ్మ, "సదువుకున్న పిల్లలకి అందరూ దొంగల్లాగే కనపడతారు" అంది. మామయ్య దొంగ అని నేనెప్పుడన్నాను? అడుగు చూడాలన్నాను.

ఇంకో బండి కూడా ఉంది. మా షాపుకి వచ్చే నర్సు దోర్కా అక్కది. రెండు తలుపులకీ సొట్టలు. కొన్నప్పటి నుంచి ఒకే చోట సర్వీసింగు చేయించింది, ఎప్పుడు ఏం విరిగిందో, ఏం మార్చారో అన్నీ అడక్కుండానే చెప్పింది. నాన్న దాన్ని దూరం నుంచి చూసి, "బండేటి అది? నలిగిపోయిన సత్తుగిన్నె!" అన్నాడు.

ప్రశాంతి


విజయనగరం
సెప్టెంబర్ చివర

ప్రశాంతీ,

సరోజకి ఈమధ్య బీపీ. అందుకే నిద్ర సంగతి రాశాను. ప్రతి మాటకీ కింద అర్థం వెతక్కు.

జెర్రీ దగ్గరికి తీసుకెళ్లొద్దు. ఆ షెడ్‌లో సగం మంది మన వర్క్‌షాపు వాళ్లే కూర్చుని టీ తాగుతుంటారు. వరాహం బావగారి బండిని జాకీ మీద ఎత్తిన సంగతి సాయంత్రానికి నిమ్‌పురా అంతా తెలుస్తుంది. జీవితమంతా ఇంకొకరు చేసిన పనిని తనిఖీ చేసిన మనిషిని తీసుకెళ్లి తనిఖీలో నిలబెడతావా? తప్పే.

ఏదైనా చిన్న లోపముంటే కొన్నాక చేయించుకో. దోర్కా బండి మాట మరిచిపో. అమావాస్య లోపల తాళం తీసుకో.

మీనత్త

ఇంకో మాట. ఆయన పక్కన కూర్చుని మళ్లీ తిరక్కు. నువ్వే నడుపు.


గోల్‌బజార్ నుంచి, షాపులో కూర్చుని
అక్టోబర్

మీనత్తా,

నీ ఆఖరి లైను మొదట చదివాను. తర్వాత మిగతాది చదివాను. ఆ తర్వాత జెర్రీ అంకుల్‌కి ఫోన్ చేశాను.

దొంగతనంగా ఏమీ చేయలేదు. మామయ్య గుడికి నడిచి వెళ్లిన పూట సరోజత్తని అడిగే తీసుకెళ్లాను. ఆవిడ నా చేతిలో తాళం పెట్టి, "తీసుకెల్లమ్మా. తిరిగి తేకపోయినా పర్లేదు" అంది. బండి అమ్మేవాళ్లు అనే మాటేనా అది?

జెర్రీ అంకుల్ బండిని పైకెత్తి, కిందికి దూరి, టార్చి వేసి మూలమూలా చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. "చూడు బేటా. పైన సండే సూటు. కింద సాక్స్ కూడా లేవు." స్క్రూడ్రైవర్‌తో అడుగు రేకు మీద పొడిస్తే బిస్కెట్‌లో దిగినట్టు దిగింది. మామయ్య ప్రతి అమావాస్యకీ దీఘా సముద్ర స్నానానికి ఈ బండిలోనే వెళ్లి, తడి ఇసుక దాకా దింపేవాడట. ఉప్పు తినేసింది. బ్రేకు పైపు తుప్పు పట్టి చెమ్మ కారుతోంది. "ఈ బ్రేకుతో నా గేటు దాటనివ్వను" అని తాళం తన జేబులో వేసుకున్నాడు.

ఏటేటా దిగి చూసే మనిషికి ఇంత తుప్పు కనపడకుండా ఎలా ఉంటుంది? పెయింటు జారిన తారీఖులు, స్పీడ్‌బ్రేకరు, తుడిచే కర్ర మీద గంధం అప్పుడు గుర్తొచ్చాయి. నా చదువే అది అత్తా, అయినా అంతవరకూ నాకు తట్టలేదు. బండినే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం మామయ్య షాపుకి వచ్చాడు. వెనక సరోజత్త.

"ఏటే పిల్లా! నాను సూసి పాస్ సేసిన బండిని జెర్రీగాడు ఫెయిల్ సేత్తాడా? ఆడికి బోల్టు బిగించడం నేర్పింది ఎవుడనుకున్నావు?"

ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్న బెంగాలీ దాదా ఒకాయన అలాగే ఆగిపోయాడు.

"మామయ్యా, లోపల కూర్చోండి. మీరు నాకు బండి చూపించారు. ఇప్పుడు నాకు మీ కళ్లు చూపించండి."

"నా కల్లకేటయింది? సర్వీసంతా మెడికల్‌లో ఒక్కపాలి ఫెయిలవనేదు."

"అయితే భయమేంటి?"

భయం అనేసరికి కూర్చున్నాడు. దీపం ఆర్పి, బోర్డు వెలిగించి, ఒక కన్ను మూసి చదవమన్నాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్." మెయిల్ బండి వెళ్లినట్టు కింది చిన్న వరస దాకా ఆగకుండా వెళ్లాడు. ఆపి, "ఇంకో కన్ను కూడా మూయమంటావేటి?" అని నవ్వాడు.

నేను పెట్టింది తెలుగు చార్టు. నిమ్‌పురా మామ్మల కోసం నేనే అచ్చువేయించాను. దానిమీద ఇంగ్లీషు అక్షరం ఒక్కటి లేదు. ఆయన చదివింది ఏళ్ల తరబడి మెడికల్‌లో చూసి బట్టీ పట్టిన పాత చార్టు.

సరోజత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటి సరోజా, నవ్వుతావేటి?" అన్నాడు. ఆవిడ నవ్వడం లేదు.

చెప్పాను. నమ్మలేదు. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టి, పెద్ద అక్షరాన్ని వేలితో దిద్దాడు. "గ" అన్నాడు. "ఎప్పుడు మార్సినావు?"

"మార్చలేదు మామయ్యా. మొదటినుంచీ అదే ఉంది."

మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బయట దాదా ఫ్రేము తీసి మెల్లగా అరలో పెట్టేశాడు.

"అయితే నన్ను కండెం సేసినావన్నమాట" అన్నాడు. తుక్కుకి పంపే కోచ్‌లని అనే మాట.

"కండెం కాదు. శుక్లాలు, రెండువైపులా. పీవోహెచ్‌కి పంపుతున్నాను."

"రిటర్న్ డేటు?" అన్నాడు.

"డాక్టరు చెబుతాడు."

వెళ్లేటప్పుడు సరోజత్త నా చేయి పట్టుకుని, "మీనాని ఏటీ అనకమ్మా" అంది. నేను నీ పేరే ఎత్తలేదు అత్తా. నీకు ఎప్పటినుంచి తెలుసు?

ప్రశాంతి


విజయనగరం
అక్టోబర్, దసరా అయ్యాక

ప్రశాంతీ తల్లీ,

ఎండాకాలం నుంచి తెలుసు. సరోజ ఏడుస్తూ ఫోన్ చేసింది. బజారులో ఆయన బండి ఒక టోటో రిక్షాకి తగిలింది. టోటో పక్కకి ఒరిగి అరటిపళ్లన్నీ రోడ్డు మీద పడ్డాయి. డ్రైవరు మోచేయి గీరుకుంది, అంతే, దేవుడి దయ. ఆయన "ఎండ కల్లల్లో కొట్టింది" అన్నాడు. ఆరోజు ఎండే లేదట. తాళం బియ్యం డబ్బాలో దాస్తే వాసన పట్టినట్టు తీసుకున్నాడు.

"నీకు చూపు తగ్గింది" అని ఆయనతో ఎవరనాలి? సరోజ అనలేదు. నేను అనలేను. ఇంతలో మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు కారు కొంటానంటున్నావన్నాడు. మీ నాన్నకి ఈ చూపు సంగతి తెలియదు. ఉపాయం నాదే. పరాయివాడికి అమ్మమంటే బావగారు ఒప్పుకోడు, శిష్యుడి కూతురికి అంటే పరువుగా ఇచ్చేస్తాడు. సరోజ చేత అనిపించాను. నీ మొదటి ఉత్తరం అందేసరికే నాకంతా తెలుసు. ఆశ్చర్యపోయినట్టు రాశాను. అడుగు తుప్పు సంగతి మాత్రం ఒట్టు, తెలియదు.

కోపం వస్తే నన్ను తిట్టు. కానీ ఒకటి ఆలోచించు. ఆపరేషన్ అవుతుంది, చూపు వస్తుంది. తుప్పు తీయిస్తాడు, బ్రేకులు వేయిస్తాడు. అప్పుడైనా ఆ బండే తీసుకో. ఆయన తల ఎత్తుకుంటాడు, మీ నాన్న మాట నిలబడుతుంది, సరోజ చల్లగా ఉంటుంది. ఇంతమంది మనసు నీ ఒక్కదాని చేతిలో ఉంది. నువ్వు మంచిదానివి. కాదనవు.

మీనత్త


నిమ్‌పురా
నవంబర్, కాళీపూజ అయిన వారం

మీనత్తా,

మామయ్యకి మొదటి కన్ను అయింది. నల్లద్దాలు పెట్టుకుని, సరోజత్త కట్టుకున్న చీర రంగు తనకి నచ్చలేదని ఆపరేషన్ మర్నాడే చెప్పాడు. ఆవిడ ఆ చీర ఆరేళ్లుగా కడుతోందట. సంతోషంతో పోట్లాడుకున్నారు.

కళ్లజోడు కుదిరాక టోటోలో జెర్రీ అంకుల్ షెడ్‌కి వెళ్దామన్నాడు. నన్నూ, నాన్ననూ రమ్మన్నాడు. బండి ఇంకా పైకెత్తే ఉంది. టార్చి తీసుకుని, ఎవరి చేయీ పట్టుకోకుండా కిందికి వెళ్లాడు. టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని ఊరికే నిలబడ్డారు. నాన్న నేల చూస్తున్నాడు.

చాలాసేపటికి బయటికి వచ్చి, "జెర్రీ, నల్ల పెయింటు ఉందేటి?" అన్నాడు. బానెట్ ఎత్తించి, కింది రెండు తారీఖుల మీదా అడ్డంగా పూసేశాడు. ఈసారి గీత తిన్నగా వచ్చింది. "ఇవి నాను సూడనేదు. సేత్తో తడిమి కొట్టీసినాను. పైవన్నీ నిజమే పిల్లా" అన్నాడు. జెర్రీ అంకుల్ స్టూలు తెచ్చి వేశాడు. ఎవరూ నవ్వలేదు. నిమ్‌పురా ఏమీ అనుకోలేదు అత్తా. నువ్వు అనవసరంగా భయపడ్డావు.

అప్పుడు మామయ్య, నువ్వు రాసినట్టే, "అంతా బాగుసేయించి ఇత్తాను. తీసుకుంటావా?" అన్నాడు. నాన్న తలెత్తి నా వంక చూశాడు.

"తీసుకోను మామయ్యా" అన్నాను. "ఎందుకంట?" అన్నాడు. రేకు అతికించినా ఉప్పు లోపలెక్కడో ఉంటుంది, నేను తిరిగే రోడ్లు అలాంటివి, అన్నాను. అడుగు వంక ఇంకోసారి చూసి, "నానైనా పాస్ సెయ్యను" అన్నాడు. నాన్నకి మాత్రం అది రుచించలేదు. రెండు రోజులు కూర కూడా అమ్మ చేతే అడిగించుకున్నాడు.

మామయ్యకి చెప్పని కారణం నీకు చెబుతాను. నేను బండి అడిగాను. మీరందరూ కలిసి నాకు బండిలో పెట్టి ఇంకో పని అంటగట్టారు. ఆయన చేతిలోంచి తాళం తీసే పని. అది నాకు చెప్పి చేయించి ఉంటే మొదటి వారంలోనే చేసేదాన్ని, దానికి బండి కొననక్కర్లేదు. తాళం తీశాను, కళ్లు బాగుచేయించాను. ఆ పని అయిపోయింది. బండి నా పని కోసం. మంచిదాన్నని రాశావు. ఆ మాట మీద నాతో సంతకం పెట్టించుకోవాలని చూడకు.

దోర్కా అక్క బండిని జెర్రీ అంకుల్ చూశాడు. క్లచ్ త్వరలో మార్చాలన్నాడు, ఆ మాట దోర్కా అక్క ముందే చెప్పింది. నిన్న ఇంటిముందుకి తెచ్చాను. అమ్మ సొట్టలు చూసి "అయ్యో" అని, వెనక సీటులో కూర్చుని చూసి, మళ్లీ దిగలేదు. పొద్దున్న లేచేసరికి బండి కింద నుంచి రెండు కాళ్లు కనిపించాయి. నాన్నవి. "ఏం చేస్తున్నావు?" అంటే, "నట్లు సూత్తన్నాను. నీకెందుకు?" అన్నాడు. పక్కన తెల్ల పెయింటు డబ్బా ఉంది. మూత తియ్యొద్దన్నాను. నేను చూశాక కొట్టుకోమన్నాను.

సరోజత్త బాగా నిద్రపోతోందట. నువ్వూ పడుకో.

వరాహం మామయ్య బండి నేను కొనలేదు, కొనను. దోర్కా అక్క బండి కొన్నాను. సోమవారం పొద్దున్న ఝార్‌గ్రామ్ వెళ్తున్నాను.

ప్రశాంతి